అడుగు చూడకుండా అమ్మకండి

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చిన అమ్మలకు, అయ్యలకు, వెనక నిలబడ్డ ఐటీఐ పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన అంశం ‘మన వారసత్వం’. కోట గురించి, సంగీత కళాశాల గురించి చెప్పగల పెద్దలు ఇక్కడే ఉన్నారు. నేను కర్రపని నేర్పి బతికినవాణ్ణి. మన ఇళ్ళలోంచి ట్రాలీ ఆటోల్లో వెళ్ళిపోతున్న వారసత్వం గురించే మాట్లాడతాను.

చీపురుపల్లి వైపు మా మేనత్త ఇంట్లో ఒక టేకు భోషాణం ఉండేది. ఒక వ్యాపారి వచ్చి, ‘పుచ్చిపోయిందమ్మా, పొయ్యిలోకి తప్ప పనికిరాదు’ అని వంటచెరకు ధర కట్టి పట్టుకుపోయాడు. కొన్నాళ్ళకు దాని మూత ఒక కొట్లో టీపాయిగా కనబడింది. ‘దివాణం సామాను సార్, నూటయాభై ఏళ్ళది’ అంటున్నాడు కుర్రాడు. మూత మూలన మా అత్త ఏటా ఆవకాయకు కాయలు కొట్టిన కత్తి గాట్లు అలాగే ఉన్నాయి! కాళ్ళు మాత్రం కొత్తవి, స్టార్ స్క్రూలతో బిగించారు. ఆ స్క్రూ 1930ల్లో అమెరికాలో బయటికొచ్చింది. అది నూటయాభై ఏళ్ళ బల్లలోకి ఎలా వచ్చిందయ్యా అని అడిగితే జవాబు లేదు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. అసలుదాన్ని చెత్త అని కొన్నారు, నకిలీదాన్ని దివాణం అని అమ్మారు. అటు మా అత్త నష్టపోయింది, ఇటు కొన్నవాడూ నష్టపోయాడు.

అందుకే చెబుతున్నాను, ముందువైపు చూసి మోసపోకండి. సొరుగు బయటికి లాగి తిరగేయండి. వెనక, అడుగున పాతకాలం వడ్రంగి పాలిష్ వెయ్యడు, చిత్రిక కూడా నున్నగా పట్టడు. ఆ కర్ర గాలికి దానంతటదే నల్లబడుతుంది. గాలి తగిలిన చోట ఎక్కువ, మూసుకున్న చోట తక్కువ. అంతా ఒకే రంగులో ఉంటే ఎవరో పూశారన్నమాట. సొరుగు అంచు అరిగితే అది జారే పట్టా కూడా అరగాలి. ఒకటి అరిగి రెండోది కొత్తగా ఉంటే అనుమానించండి.

గుండ్రటి బల్లకు టేపు పెట్టండి. కర్ర పొడవునా పెద్దగా కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. ఒకే కర్రతో చేసిన పాత బల్ల అడ్డం కొలత కాస్త తగ్గి ఉంటుంది. రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేకుంటే, అది వందేళ్ళది అన్నవాడి మాట వెంటనే నమ్మకండి.

పురుగు రంధ్రాలను చూపించి నమ్మిస్తారు. పురుగు లోపల వంకరగా తొలుస్తుంది, డ్రిల్లు తిన్నగా దిగుతుంది. సన్నని తీగ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పురుగు తొలిచిన కాలువే పైకి తెరుచుకుని కనిపిస్తే, పాత కర్రను కొత్తగా కోశారని అర్థం. ఏ కీలుకూ చెందని బెజ్జాలు, ముక్క పెట్టి పూడ్చిన గుంటలు ఉన్నా అంతే. ఇదే అన్నిటికన్నా కష్టమైన మోసం, ఎందుకంటే కర్ర నిజంగానే పాతది.

పిల్లలూ, ఇది రాసుకోండి. చేతిరంపం గీతలు కనబడగానే పాతది అనేయకండి. పట్నాల్లో మరరంపాలు వచ్చాక కూడా మన పల్లెల్లో ఇద్దరు మనుషులు పైనొకరు, కిందొకరు నిలబడి దూలాలు కోసిన రోజులు చాలాకాలం నడిచాయి. చేతిపని అన్నంత మాత్రాన వయసు తేలదు. నాలుగైదు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

చట్టం సంగతి ఒక్క ముక్క. 1972 నాటి పురావస్తు చట్టం కింద, చారిత్రక విలువో పనితనమో ఉండి నూరేళ్ళు నిండిన వస్తువును లైసెన్సు లేకుండా వ్యాపారం చెయ్యకూడదు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పుచ్చిందని బేరం మొదలుపెట్టే వ్యాపారికి ఈ ముక్క వినిపించండి, ఎలా తడబడతాడో చూడండి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. సరే, మాటలు ఆపేస్తాను. ఈ హాల్లోని ఆ మూల బల్ల ఎప్పటిదో ఎవరికీ తెలియదంటున్నారు. బాబూ, మీరిద్దరు అటు పట్టుకోండి, తిరగేద్దాం. టార్చి ఉన్నవాళ్ళు ముందుకు రండి.