బీ.స్టాట్, బీ.మ్యాథ్, బీఎస్‌డీఎస్: ఐఎస్ఐ డిగ్రీల మీద నా రివ్యూ

నమస్తే అండి. ఐఎస్ఐ అనగానే మా పెద్దమ్మ, "అదేంట్రా, కుక్కర్ మీద ఉండే ముద్ర కదా?" అంది. మా బాబాయ్ అయితే సరిహద్దు దాటి పాకిస్తాన్ దాకా వెళ్లొచ్చాడు. రెండూ కాదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. 1931లో కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ పెట్టారు. 1959లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాధాన్యం ఉన్న సంస్థగా గుర్తించింది, డిగ్రీలు ఇచ్చే అధికారం అలా వచ్చింది. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేయాలనుకునే ఇంటర్ పిల్లలకు అక్కడ మూడు దారులున్నాయి. వాటి గురించే ఈ వీడియో.

నేనెవరినో కూడా చెప్పాలి కదా. ఇంటర్ అయ్యాక ఐఎస్ఐ పరీక్ష రాసి, సీటు రాక, ఇక్కడే ఎం.ఎస్.సి.ఎస్. (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్) గ్రూపుతో బీఎస్సీ చేసి, తర్వాత స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాణ్ని. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా పిన్ని కొడుకు మాత్రం నాకు రాని సీటు కొట్టి బీ.స్టాట్ పూర్తి చేశాడు. వాడి నోట్సులు, నా నోట్సులు రెండూ ఇదిగో ఈ టేబుల్ మీద ఉన్నాయి. రివ్యూ అంతా వీటిని చూస్తూనే చెబుతాను. కోర్సు పేరు ఎంత ఘనంగా ఉందన్నది నేను పట్టించుకోను. మొదటి సెమిస్టర్‌లో మీ చేత ఏం రాయిస్తారు? నేను చూసేది అదొక్కటే.

ముందు పరీక్ష. చాలా ఏళ్లుగా బీ.స్టాట్, బీ.మ్యాథ్ రెండింటికీ ఒకేరోజు రెండు పేపర్లు. పొద్దున యూజీఏ: 30 ప్రశ్నలు, నాలుగు ఆప్షన్లు, రెండు గంటలు. సరైన జవాబుకు 4, తప్పుకు 0, వదిలేస్తే 1. అవును, వదిలేస్తే ఒక మార్కు! అంటే హాలుకి వెళ్లి, పేరు రాసి, నిద్రపోయినా 120కి 30 వస్తాయి. మా పిల్లలు దీనికి తెగ నవ్వుతారు. కానీ ఒక్క నిమిషం లెక్క వేయండి. ఏమీ తెలియకుండా గుడ్డిగా బబుల్ నింపితే సగటున ఎంత వస్తుంది? నాలుగింట ఒక వంతు అవకాశం, గుణించు నాలుగు మార్కులు, అంటే 1. వదిలేసినా 1. గుడ్డిగా కొట్టడం వల్ల పైసా లాభం లేదు, నష్టం లేదు. అదే జేఈఈ మెయిన్‌లో మల్టిపుల్ ఛాయిస్‌కి ప్లస్ 4, మైనస్ 1. అక్కడ గుడ్డిగా కొడితే సగటున ప్రశ్నకు పావు మార్కు మిగులుతుంది. అంత మైనస్ మార్కు పెట్టినా లాటరీకి కాస్త సందు ఉంది. వీళ్లు మైనస్ అనేదే లేకుండా ఆ సందు మూసేశారు. ప్రశ్నపత్రం మొదటి పేజీలోని సూచనల్లోనే స్టాటిస్టిక్స్ పాఠం ఒకటి పెట్టారన్నమాట.

మధ్యాహ్నం యూజీబీ. ఇక్కడే నేను పోయాను. ఎనిమిది ప్రశ్నలు, రెండు గంటలు, ఆప్షన్లు లేవు, మొత్తం రాయాలి. మన ఎంసెట్... ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి... అందులో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. ఇక్కడ ఒక్కోదానికి పావుగంట. "అబ్బో, బోలెడు టైమ్" అనుకుని కూర్చున్నాను. మొదటి నలభై నిమిషాలు ఒక్క గీత గీయలేదు. చివరికి ఒకటిన్నర ప్రశ్న రాసి బయటికొచ్చాను.

ఎలాంటి ప్రశ్నలో రుచి చూపిస్తాను. ఇది పరీక్షలో వచ్చింది కాదు, నేను క్లాసులో ఇచ్చేది. అక్కడి ప్రశ్నలు దీనికంటే గట్టివి, రకం మాత్రం ఇదే. 1 నుంచి 100 వరకు సంఖ్యల్లో మీకు నచ్చిన 51 సంఖ్యలు తీసుకోండి. వాటిలో కనీసం రెండు పక్కపక్క సంఖ్యలు ఉండి తీరతాయని నిరూపించండి. ఫార్ములా ఏమిటి సార్ అని అడుగుతారు పిల్లలు. ఫార్ములా లేదు నాన్నా. 1, 2 ఒక పెట్టెలో వేయండి. 3, 4 ఇంకో పెట్టెలో. అలా 99, 100 దాకా 50 పెట్టెలు. 51 సంఖ్యలు తీశారంటే ఏదో ఒక పెట్టెలోంచి రెండూ తీసినట్టే. అవి పక్కపక్కవే. అయిపోయింది. మూడు వాక్యాల జవాబు. ఇది చూసి మీ ముఖం వెలిగిందా, లేక "ఇదేం లెక్క, ఇందులో లెక్కేదీ?" అనిపించిందా? నిజం చెప్పుకోండి, కామెంట్లో పెట్టనక్కర్లేదు.

సరే, బీ.స్టాట్‌కి వద్దాం. కోల్‌కతాలో, బారానగర్ వైపు బీ.టీ. రోడ్డు మీద క్యాంపస్. అనాలిసిస్, ప్రాబబిలిటీ, మ్యాట్రిసెస్, స్టాటిస్టికల్ మెథడ్స్, తర్వాత శాంపిల్ సర్వేలు, డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్. పేర్లు మన బీఎస్సీలో కూడా దాదాపు ఇవే. తేడా ఎక్కడుందో ఒక్క చిన్న విషయంలో చూపిస్తాను.

మిర్చి యార్డుకి వెళ్లి మూడు బస్తాలు తూచామనుకోండి. 42, 44, 49 కిలోలు. సగటు 45. సగటు నుంచి తేడాలు 3, 1, 4. వాటి వర్గాలు 9, 1, 16, మొత్తం 26. ఇంటర్‌లో దీన్ని మూడుతో భాగించి వేరియన్స్ అన్నాం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. డిగ్రీలోకి రాగానే శాంపిల్‌కి, అంటే మొత్తంలోంచి తీసిన కొన్ని బస్తాలకి, రెండుతో భాగించమంటారు. ఎన్ అంటే తూచిన బస్తాల సంఖ్య, అందులోంచి ఒకటి తగ్గించి, ఎన్ మైనస్ వన్. నా బీఎస్సీ నోట్సులో, ఇదిగో, పేజీ చూడండి, "ఎన్ మైనస్ వన్‌తో భాగించవలెను" అని ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. ఎందుకు అన్నది లేదు. నేనూ అడగలేదు.

మా తమ్ముడి నోట్సులో దీనికి రెండు పేజీలు. ముందు మామూలు మాటల్లో: యార్డు మొత్తం అసలు సగటు మనకు తెలియదు. అది 46 అనుకుందాం. అప్పుడు తేడాలు 4, 2, 3. వర్గాల మొత్తం 16, 4, 9 కలిపి 29. అసలు సగటు ఎంతైనా సరే, ఆ మొత్తం 26 కంటే తగ్గదు. ఎందుకంటే 45 అనేది ఆ మూడు బస్తాల్లోంచే పుట్టింది, వాటికి దగ్గరగానే ఉంటుంది. తన పిల్లల పేపర్లు తనే దిద్దుకునే తల్లిలాగా, తేడాలను కాస్త తక్కువ చేసి చూపిస్తుంది. ఆ తక్కువను సరిచేయడానికే మూడు బదులు రెండు. ఆ తర్వాత పేజీన్నర నిరూపణ. చివర్లో వాడి చేతిరాతలో ఒక ప్రశ్న: "అసలు సగటు ముందే తెలిస్తే?" అప్పుడు ఎన్‌తోనే భాగించాలి. ఆ ప్రశ్న వాడికి తట్టింది చూడండి, నాకు ఈర్ష్య అక్కడ.

ప్రశ్న అడిగే అలవాటు అంటే సి.ఆర్. రావు గారి సంగతి చెప్పకుండా ఉండలేను. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేసి, 1941 జనవరి 1న ఐఎస్ఐలో చేరారు. 1944లో ఒక క్లాసులో, శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు వర్తించే, ఫిషర్ అనే స్టాటిస్టిషియన్ ఫలితం ఒకటి చెబుతుంటే, దండేకర్ అనే విద్యార్థి, "చిన్న శాంపిల్స్‌కి ఇది ఎందుకు నిరూపించకూడదు?" అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయింది. క్రామెర్-రావ్ బౌండ్ అంటే అదే: ఎంత మంచి అంచనా వేసినా దాని వేరియన్స్ ఇంతకంటే తగ్గదు అని చెప్పే హద్దు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు, అదే ఏడాది కన్నుమూశారు. ఇక్కడ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరుతో ఒక సంస్థ కూడా ఉంది.

ఇప్పుడు బీ.మ్యాథ్. ఇది బెంగళూరులో, మైసూర్ రోడ్డు వైపు. చిన్న క్యాంపస్, ప్రశాంతంగా ఉంటుంది. అనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ, కాంప్లెక్స్ అనాలిసిస్. ఫిజిక్స్ పేపర్లు కూడా ఉంటాయి, ఇది చాలామందికి తెలియదు. ఇక్కడ మొదటి సెమిస్టర్ రుచి ఇలా ఉంటుంది. ఒక కంటిన్యువస్ ఫంక్షన్, అంటే గ్రాఫ్ ఎక్కడా తెగకుండా సాగేది, ఒకచోట మైనస్, ఇంకోచోట ప్లస్ ఉంటే మధ్యలో ఎక్కడో సున్నా అవ్వాలి. "గీస్తే కనిపిస్తోంది కదా సార్, నిరూపించడానికేముంది?" అంటారు. ఉంది. కేవలం భిన్నాలు, అంటే అకరణీయ సంఖ్యలు, మాత్రమే ఉన్న లోకం ఊహించుకోండి. అక్కడ ఎక్స్ స్క్వేర్ మైనస్ 2 తీసుకోండి. 1 దగ్గర మైనస్ 1, 2 దగ్గర ప్లస్ 2. మధ్యలో సున్నా అయ్యే చోటు రూట్ 2. కానీ రూట్ 2 అకరణీయం కాదు కదా! గ్రాఫ్ సున్నాను తాకకుండానే అవతలికి దాటేసింది. కనుక మీ నిరూపణలో వాస్తవ సంఖ్యలకు మాత్రమే ఉన్న గుణం ఏదో వాడి తీరాలి. అదేమిటో వెతకడమే ఆ సెమిస్టర్. ఇలాంటివాటి మీద రెండు రోజులు బుర్ర పెట్టి కూర్చున్నా విసుగు రాని వాళ్లకు బీ.మ్యాథ్. మిగతా వాళ్లకు అది నరకం, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మూడోది బీఎస్‌డీఎస్, స్టాటిస్టికల్ డేటా సైన్స్‌లో నాలుగేళ్ల డిగ్రీ. 2024లో మొదలైంది. కొత్తది, నా టేబుల్ మీద దీని నోట్సులు లేవు, కాబట్టి మార్కులు వేయను. ఒకటి మాత్రం చెబుతా: పేరులో డేటా సైన్స్ ఉంది కదా అని లెక్కలు తప్పించుకోవచ్చనుకుని చేరకండి. దీని అడ్మిషన్ పద్ధతి, ఫీజు పై రెండింటిలా ఉంటాయనుకోవద్దు. ఆ ఏడాది ప్రాస్పెక్టస్ డౌన్‌లోడ్ చేసి, అమ్మానాన్నలతో కూర్చుని చదవండి.

డబ్బు సంగతి. బీ.స్టాట్, బీ.మ్యాథ్‌లకు ట్యూషన్ ఫీజు లేకపోగా స్టైపెండ్ ఇస్తారు. మా వాడికి నెలకు 5,000 వచ్చేది. కానీ మార్కులు తగ్గితే స్టైపెండ్ తగ్గుతుంది, ఆగిపోతుంది కూడా. మా పిన్ని మొదట నమ్మలేదు, "చదువుకుంటే ఎదురు డబ్బులిస్తారా, ఇదేదో మోసంలా ఉందిరా" అంది. మెస్‌లో చేపల కూర బాగుంటుందట, పప్పులో మాత్రం తీపి తగులుతుందట. ప్రతి సెలవులకీ గోంగూర పచ్చడి సీసా తప్పదు.

ఇంగ్లీష్ భయం ఉన్నవాళ్లకు: బీ.స్టాట్ మొదటి ఏడాదిలో రెమెడియల్ ఇంగ్లీష్ అని ఒక పేపర్ ఉంటూ వచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చాం అని ఆగిపోకండి.

సీటు రాకపోతే? ఎక్కువమందికి రాదు, సీట్లే తక్కువ. చెన్నై దగ్గర సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, దానికి వేరే పరీక్ష, అదీ రాసి చూపించే రకమే. ఇక్కడ హెచ్‌సీయూలో మ్యాథమెటికల్ సైన్సెస్ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఐదేళ్లు, సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. అదీ కాకపోతే తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా మామూలు బీఎస్సీ. ఆంధ్రలో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి, వచ్చింది కాబట్టి మ్యాథ్సా, స్టాటిస్టిక్సా అన్నది చేరేటప్పుడే గట్టిగా ఆలోచించుకోవాలి.

మామూలు బీఎస్సీ గురించి నిజం చెబుతాను, మా కాలేజీ పేరు చెప్పను. మా స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ రికార్డు సీనియర్ల రికార్డులు చూసి రాసినదే. అంకెలు కూడా అవే. ఒక సీనియర్ 68ని 86గా రాస్తే, మా బ్యాచ్ మొత్తం 86 రాసింది. దిద్దినవాళ్లు టిక్ పెట్టారు. ఇంత జరిగినా ఆ డిగ్రీ నాకు అన్నం పెట్టింది. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. రాష్ట్రంలో అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు పడతాయి. జామ్ పరీక్షలో మ్యాథ్స్‌కి ఒక పేపర్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కి ఒక పేపర్ ఉన్నాయి, వాటితో ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. కానీ ఎన్ మైనస్ వన్ ఎందుకో మీకెవరూ చెప్పరు, మీరే వెతుక్కోవాలి. నాకది ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో గానీ అర్థం కాలేదు.

నా రేటింగ్: బీ.స్టాట్‌కి పదికి తొమ్మిది. ఒకటి తగ్గించింది పప్పులో తీపికి. బీ.మ్యాథ్‌కి మీ పిల్లవాడి స్వభావాన్ని బట్టి పది, లేదా రెండు. మధ్యలో అంకె లేదు. మామూలు బీఎస్సీకి ఆరు, పక్కన మంచి లెక్చరర్ ఒక్కరు దొరికితే ఎనిమిది.

పోతూపోతూ ఒకటి. ఇందాకటి లెక్కలో 51 బదులు 50 సంఖ్యలే తీసుకోమంటే? అప్పుడు కూడా పక్కపక్క సంఖ్యలు తప్పకుండా ఉంటాయా? వీడియో ఆపి కాగితం తీయండి. జవాబు కామెంట్లో పెట్టండి, కానీ ఉత్త "ఉండవు", "ఉంటాయి" అని రాస్తే నేను లైక్ కొట్టను. ఎందుకో రాయాలి.