బఫెలో మనిషి: తొలి మానవ జీనోమ్ ఎవరిది?

సభకు నమస్కారం. మానవ జీనోమ్, అంటే మనిషి డీఎన్‌ఏలోని రసాయన అక్షరాల మొత్తం వరుస, అనగానే 2000 జూన్ 26న వైట్‌హౌస్‌లో క్లింటన్ సరసన ఫ్రాన్సిస్ కాలిన్స్, క్రెయిగ్ వెంటర్ నిలబడిన దృశ్యం చాలామందికి గుర్తుకొస్తుంది. 1990లో ప్రభుత్వ నిధులతో మొదలై, తర్వాత కాలిన్స్ నడిపిన ప్రాజెక్టుకూ, 1998లో పుట్టిన వెంటర్ కంపెనీ సెలెరాకూ నడుమ సాగిన పందెం మీరు విన్నదే. ఇవాళ నేను మాట్లాడదలచినది, ఆ ప్రాజెక్టు చదివిన అక్షరాలు అసలు ఎవరివి అన్న సంగతి.

1997 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరపు దినపత్రికలో ఒక ప్రకటన పడింది. రాస్వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో పనిచేసే పీటర్ డి జాంగ్ బృందానికి రక్తదాతలు కావాలి. వచ్చినవారి రక్తం తీసుకుని, పేర్లు తీసేసి, డీఎన్‌ఏను లక్షన్నర, రెండు లక్షల అక్షరాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో బ్యాక్టీరియాలో పెట్టారు. బ్యాక్టీరియా పెరిగినకొద్దీ ఆ ముక్కకూ నకళ్లు తయారవుతాయి. ఇలాంటి సేకరణను ఈ రంగంలో లైబ్రరీ అంటారు. ఒకే దాత రక్తంతో తయారైన ఆర్‌పీ11 అనే లైబ్రరీ వేళకు చేతికందింది, నాణ్యతా బాగుంది. దాంతో ప్రాజెక్టు భారమంతా దానిమీదే పడి, చివరికి తేలిన జీనోమ్‌లో దాదాపు 70 శాతం పేరు తెలియని ఒకే ఒక్క పురుషుడిదయింది. ఏ ఒక్కరి వాటా 10 శాతం దాటకపోవచ్చని దాతలకిచ్చిన అంగీకార పత్రంలో ఉంది. గడువు తరుముకొస్తుంటే ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారన్నదే నా అభిప్రాయం.

ముక్కలు చదవడం ఒక ఎత్తు, అతకడం మరొక ఎత్తు. పల్లవి పదేపదే వచ్చే పాటల పుస్తకాన్ని చింపి పోగుపోస్తే, చేతికొచ్చిన పల్లవి ముక్క ఏ చరణం తర్వాతిదో ఎలా చెప్పగలం? మన జీనోమ్‌లో సగం దాకా అలాంటి పునరావృతాలే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రూజ్ ప్రాంగణంలో జిమ్ కెంట్ అనే పరిశోధక విద్యార్థి రాత్రిళ్లు నొప్పెట్టిన మణికట్టుకు ఐసు పెట్టుకుంటూ, నాలుగు వారాల్లో అతికే ప్రోగ్రాము రాసి, వంద సాధారణ కంప్యూటర్ల మీద నడిపాడు. వైట్‌హౌస్ సభకు నాలుగు రోజుల ముందు, జూన్ 22న, తొలి కూర్పు సిద్ధమైంది. జూలై 7న ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా దొరికింది.

2003 ఏప్రిల్‌లో పని పూర్తయిందన్నారు గానీ, అప్పటికి చదవగలిగింది 92 శాతమే. మిగిలిన మొండి పునరావృతాలు 2022లో గానీ లొంగలేదు. అప్పుడు చదివిన జీనోమూ బఫెలో దాతది కాదు. సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా ఉండే రెండు జీనోమ్ ప్రతులూ ఒకేలా ఉండడంవల్ల అతకడం సులువైన మరో కణజాలానిది.

అయినా పాత కూర్పు పక్కకు పోలేదు. హైదరాబాదులో ఒక బిడ్డ జన్యులోపాన్ని వెతికేటప్పుడు ఆ బిడ్డ అక్షరాలను పోల్చి చూసేది నేటికీ ఎక్కువగా ఆ పాత కూర్పు సవరించిన ప్రతులతోనే. వాటిలోనూ పెద్ద వాటా ఆ బఫెలో మనిషిదే.