హ్యాండ్‌బ్యాగు ఉంటే ముఖం ఎవరు చూస్తారు?

(మారువేషాల హాస్య చిత్రాల మీద స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: సినీ విమర్శకురాలు, మేకప్ కళాకారుడు, సంభాషణల రచయిత.)

వ్యాఖ్యాత: నమస్కారం. డబ్బున్న అక్కచెల్లెళ్ళు, వాళ్ళ వేషం కట్టే మగవాళ్ళు. ఇదీ ఈరోజు విషయం. 2004లో వచ్చిన ‘వైట్ చిక్స్’ తో మొదలుపెడదాం. చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతారా?

రచయిత: ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములు, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో అధికారులు. ఉద్యోగం ఊడేలా ఉంది. బ్రిటనీ, టిఫనీ విల్సన్ అనే సంపన్న అక్కచెల్లెళ్ళను ఎవరో ఎత్తుకుపోతారన్న అనుమానం ఉంటుంది. వాళ్ళను విమానాశ్రయం నుంచి హ్యాంప్టన్స్‌కు చేర్చే పని వీళ్ళ నెత్తిన పడుతుంది. దారిలో చిన్న కారు ప్రమాదం, ముఖాల మీద చిన్న గీతలు. ‘ఈ ముఖాలతో రాము’ అని వాళ్ళు హోటల్లో కూర్చుంటారు. వాళ్ళ బదులు వీళ్ళు వేషం కట్టి బయలుదేరతారు. నాకు నచ్చేది ఆ గీతలే. తుపాకులు, హత్యలు ఏవీ అక్కర్లేకుండా, చర్మం మీద చిన్న గీతతో కథ కదిలింది.

వ్యాఖ్యాత: హ్యాంప్టన్స్ అంటే?

విమర్శకురాలు: లాంగ్ ఐలాండ్ తూర్పు కొసన న్యూయార్క్ సంపన్నులు వేసవి గడిపే ఊళ్ళు. అక్కడ ఎవరెవరు ఎవరో అందరికీ తెలుసు. మారువేషానికి అంతకన్నా ప్రమాదకరమైన చోటు ఉండదు. కానీ ఆ సినిమాలో అదే అన్నిటికన్నా భద్రమైన చోటు!

మేకప్ కళాకారుడు: అక్కడే నాకు పేచీ. నేను ఆ ముఖాలు చూస్తే నమ్మలేను. రంగు మీద రంగు వేసి చర్మాన్ని తెల్లగా చేయవచ్చు, కానీ చర్మం లోపలి వెలుగు పోతుంది. సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది. మాస్కు అంచు వెంట్రుకల దగ్గర, మెడ దగ్గర కలిసిపోవాలి. చెమట పడితే అది లేస్తుంది. ఇక చేతులు! ముఖానికి ఎన్ని గంటలు కూర్చున్నా చేతులు బయటపెట్టేస్తాయి. ఆ పని చేసినవారిలో గ్రెగ్ కానమ్ ఉన్నారు, ‘మిసెస్ డౌట్‌ఫైర్’ కు ఆస్కార్ అందుకున్న మనిషి. చేతకాక కాదు. ఆ ముఖాల మీద అసాధ్యమైన పని పెట్టారు.

విమర్శకురాలు: అసాధ్యం కావడమే మంచిదయింది. ప్రేక్షకులకు రెండో క్షణంలో తెలిసిపోతుంది, తెరమీద ఉన్న ఆ అక్కచెల్లెళ్ళ స్నేహితురాళ్ళకు మాత్రం తెలియదు. ఎందుకంటే వాళ్ళెవరూ ముఖం చూడటం లేదు. బట్టలు, కుక్కపిల్ల, హ్యాండ్‌బ్యాగు, గొంతులో విసుగు. ఇవి సరిపోయాయి.

రచయిత: మేడమ్, అది తర్వాత తోచిన సమర్థన. నాకైతే వాళ్ళు అంత ఆలోచించి తీసినట్టు అనిపించదు.

విమర్శకురాలు: అయితే హోటల్ సీను చూడండి. దిగగానే కౌంటర్‌లో మనిషి క్రెడిట్ కార్డు, గుర్తింపు పత్రం అడుగుతాడు. చేతిలో ఏమీ లేవు. నిజమైన దొంగ అయితే జారుకుంటాడు. వీళ్ళలో ఒకరు అరిచి గోల చేస్తారు, పైవాళ్ళకు ఉత్తరం రాస్తానని బెదిరిస్తారు. గది వచ్చేస్తుంది. ఆ కోపమే గుర్తింపు పత్రమయింది. ఇంత చక్కగా రాసిన సీనును ‘ఆలోచించలేదు’ అంటే ఎలా?

రచయిత: సరే, ఆ సీను వదిలేస్తున్నాను. కానీ ఆ సినిమాకు చెత్త సినిమాలకిచ్చే ‘రాజీ’ (Razzie) అవార్డుల్లో అయిదు నామినేషన్లు వచ్చాయి. విమర్శకులు చీల్చి చెండాడారు.

వ్యాఖ్యాత: జనం మాత్రం చూశారు. దాదాపు 3.7 కోట్ల డాలర్ల ఖర్చు, ప్రపంచవ్యాప్తంగా 11 కోట్లకు పైగా వసూళ్ళు.

మేకప్ కళాకారుడు: మా వాళ్ళ పనికి సినిమా నలుపు తెలుపుల్లో ఉంటే ఎంత మేలో! 1959లో బిల్లీ వైల్డర్ ‘సమ్ లైక్ ఇట్ హాట్’ ను అలా తీయడానికి ఒక కారణం ఇదే. రంగుల్లో ఆడవేషం కట్టిన టోనీ కర్టిస్, జాక్ లెమన్ ముఖాలు ఆకుపచ్చగా వచ్చాయట. నలుపు తెలుపులు వాళ్ళను కాపాడాయి.

విమర్శకురాలు: ఆ పేరు ఎత్తారు కనుక చెబుతాను. అందులో కర్టిస్‌ది రెండు వేషాలు. ఒకటి వాద్యబృందంలో అమ్మాయి, రెండోది నూనె కంపెనీ వారసుడైన కోటీశ్వరుడు. అమ్మాయి కావడానికి విగ్గు, గౌను, ఎత్తుమడమల చెప్పులు, గొంతు మార్పు. కోటీశ్వరుడు కావడానికి కళ్ళద్దాలు, పడవ టోపీ, అరువు తెచ్చుకున్న పడవ. ఏది తేలిక? ‘వైట్ చిక్స్’ లోనూ ఇదే. ఒక అన్న విలేకరి అమ్మాయిని ఆకట్టుకోవడానికి లాట్రెల్ అనే బాస్కెట్‌బాల్ క్రీడాకారుడి ఇంటిని, కారును వాడుకుంటూ, అవన్నీ తనవే అంటాడు. దానికి మాస్కు అక్కర్లేదు. తాళంచెవి చాలు.

వ్యాఖ్యాత: అంటే ఆడవేషం కన్నా డబ్బువేషమే సులువంటారా?

విమర్శకురాలు: అవును. పాత నాటకంలోనూ ఇదే జరిగింది. బ్రాండన్ థామస్ రాసిన ‘చార్లీస్ ఆంట్’ 1892 నాటిది, లండన్‌లో 1,466 సార్లు ఆడింది. బ్రెజిల్ నుంచి రావలసిన ధనవంతురాలైన పిన్ని రాదు. ఆమెకు బదులుగా ఒక కుర్రవాడికి గౌను తొడుగుతారు. ఒక ముసలి పెద్దమనిషి ఆ వేషం వెంట పడతాడు, ఆస్తి కోసం. అసలు పిన్ని తర్వాత మారుపేరుతో వచ్చి అంతా చూస్తూ కూర్చుంటుంది. నకిలీ ఒక మూల, అసలు ఒక మూల. ఆ మౌనంగా కూర్చున్న మనిషే నాకు ఇష్టం.

రచయిత: విల్సన్ అక్కచెల్లెళ్ళకు ఆ అదృష్టం లేదు. పాపం, వాళ్ళ పేరుతో సినిమా అంతా నడిచినా వాళ్ళు కనిపించేది కొద్దిసేపే. అవతల వాండర్‌గెల్డ్ అక్కచెల్లెళ్ళు ఉన్నారు, పోటీగా. తండ్రి దివాళా తీశాడు, అపహరణల వెనుక అతనే. నిజానికి ఆ ఇంట్లో ఏం జరుగుతోందన్నది వేరే సినిమా అవుతుంది. ఎవరూ తీయలేదు.

మేకప్ కళాకారుడు: మన దగ్గర స్థానం నరసింహారావు గారు సత్యభామగా వేదిక ఎక్కితే నవ్వేవాళ్ళు కాదు, నమ్మేవాళ్ళు. అక్కడ వేషం దాగాలి. ఇక్కడ వేషం బయటపడుతూ ఉండాలి. రెండూ మేకప్పే, రెండు వేర్వేరు వృత్తులనుకోండి.

వ్యాఖ్యాత: తెలుపు రంగు వేసుకోవడం సరే, నలుపు వేసుకుంటే తప్పా అని కొందరు అడుగుతారు.

విమర్శకురాలు: రెండూ ఒకటి కావు. తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని నల్లవారిని ఎగతాళి చేసిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు పంతొమ్మిదో శతాబ్దంలో విరివిగా నడిచాయి. ఆ ఎగతాళితో పాటే అసలు మనుషులకు ఓటు, ఉద్యోగం దక్కకుండా చేశారు. ఎడ్డీ మర్ఫీ 1984లో ఒక టీవీ హాస్యంలో తెల్లవాడిగా తయారై బయటికి వెళతాడు. అతనికి అన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఈ వేషం పైకి చూసి వేసింది, ఆ వేషం కిందికి చూసి వేసింది.

రచయిత: నాకు చివర్లో జరిగే గందరగోళం గుర్తుంది. అసలు అక్కచెల్లెళ్ళు హ్యాంప్టన్స్‌లో అడుగుపెడతారు. వేషం వేసినవాళ్ళు వీళ్ళేనని తోటి అధికారులు వాళ్ళ మీద పడతారు. ఆ అమ్మాయిల సొంత ముఖాలను మాస్కులు అనుకుని లాగబోతారు.

మేకప్ కళాకారుడు: లాగితే రాదు కదా!

రచయిత: రాదు. వాళ్ళు అరుస్తారు. ఇంతకు ముందు హోటల్లో నకిలీవాళ్ళు అరిస్తే గది దొరికింది. ఇప్పుడు అసలువాళ్ళు అరిస్తే ఎవరూ నమ్మరు.