ఆరాధనా సంవత్సరం: లెక్క ఎక్కడ తప్పుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. క్రైస్తవ ఆరాధనా కాలాల క్యాలెండరు తయారుచేసేటప్పుడు పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయో మాట్లాడుకుందాం. ఫాదర్, మొదట ఏం చూసుకోవాలి?

ఫాదర్: రెండు తేదీలండి. ఒకటి ఈస్టరు. రెండోది ఆగమన కాలపు (క్రిస్మస్‌కు సిద్ధపడే కాలం) మొదటి ఆదివారం, అంటే నవంబర్ 30కి దగ్గరగా వచ్చేది. మిగతా కాలాలు చాలావరకు వీటిని బట్టే జరుగుతాయి.

వ్యాఖ్యాత: ఈస్టరుకు పౌర్ణమి చూస్తే చాలు కదా?

పాస్టర్: అక్కడే దెబ్బతింటారు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టరు. అయితే ఆ పౌర్ణమి సంఘం పట్టికలోది, ఆకాశంలోది కాదు. 2019లో చంద్రుడు నిండింది మార్చి 21న. ఆ లెక్కన ఈస్టరు 24న రావాలి. పట్టికలో మాత్రం పౌర్ణమి 20నే పడింది. ఆ ఒక్కరోజు తేడాతో పండుగ ఏప్రిల్ 21కి వెళ్ళింది.

వ్యాఖ్యాత: ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం నలభై రోజులంటారు, లెక్కపెడితే 46 వస్తున్నాయే?

పాస్టర్: అందులో ఆరు ఆదివారాలున్నాయి. అవి ఉపవాస దినాలు కావు, తీసేయండి. పవిత్రాత్మ దిగివచ్చిన పండుగైన పెంతెకోస్తుకు ఈస్టరునే మొదటి రోజుగా పెట్టుకుని 50 లెక్కించాలి. మర్నాటి నుంచి మొదలెడితే సోమవారం తేలుతుంది.

ఫాదర్: కతోలిక క్యాలెండరులో అసలు చిక్కు సామాన్య కాలంతోనే, అంటే ప్రత్యేక కాలాలు కాని మిగతా వారాలతో. తపస్సు కాలానికి ముందు ఆగిన వారం సంఖ్యకు ఒకటి కలిపి, పెంతెకోస్తు తర్వాత కొనసాగిస్తారు. అలా చేయకూడదు. ఆగమన కాలానికి ముందు ఆదివారం వచ్చే క్రీస్తురాజు పండుగ ఎప్పుడూ 34వ ఆదివారం. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. 2026నే తీసుకోండి. తపస్సు కాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, అప్పటికి ఆరో వారం నడుస్తోంది. పెంతెకోస్తు మే 24. క్రీస్తురాజు పండుగ వచ్చే నవంబర్ 22 నుంచి వెనక్కి వస్తే ఆ వారం ఎనిమిదోది. అంటే ఏడో వారం ఆ ఏడు ఉండదు. ముందుకు లెక్కపెట్టినవాళ్ళకు చివరిదాకా ప్రతి పఠనమూ (ఆ వారం చదివే బైబిలు భాగం) ఒక వారం వెనకబడుతుంది.

వ్యాఖ్యాత: అది ఎప్పుడు బయటపడుతుంది?

ఫాదర్: చాలాసార్లు నవంబరులో, క్రీస్తురాజు పండుగకు 33వ వారం పఠనాలు ఎదురైనప్పుడు. అందుకే ముందే సరిచూసుకోవాలి.

సిస్టర్: గురువులు వేసుకునే పూజావస్త్రాల రంగుల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. పెంతెకోస్తుకు ఎరుపు వేస్తాం. సామాన్య కాలం మొదలైంది కదా అని తర్వాతి ఆదివారానికి పచ్చరంగు సిద్ధం చేస్తారు. అది త్రిత్వ పండుగ, తెలుపు కావాలి. పెంతెకోస్తు మర్నాడు సోమవారం సంఘమాత మరియమ్మ స్మరణ కాబట్టి తెలుపే; మామూలు రోజుల్లో పచ్చరంగు మంగళవారం నుంచి వస్తుంది.

వ్యాఖ్యాత: నిర్ణీత తేదీ పండుగలు పవిత్ర వారంలో, అంటే ఈస్టరుకు ముందు వారంలో పడితే?

సిస్టర్: మరియమ్మకు దేవదూత యేసు జననం గురించి చెప్పిన మంగళవార్త పండుగను చూడండి, అది మార్చి 25న వస్తుంది. అది పవిత్ర వారంలో గానీ ఈస్టరు మొదటి ఎనిమిది రోజుల్లో గానీ పడితే, ఈస్టరు రెండో ఆదివారం మర్నాటి సోమవారానికి మారుతుంది. 2024లో అలాగే ఏప్రిల్ 8న జరిగింది.