అప్పు ఉమ్మడిది, ప్రణాళిక ఎవరిది వారిదే

అందరికీ నమస్కారం.

యూరోపియన్ యూనియన్ (ఈయూ) కూటమిలోని 27 దేశాలు ఒక మాట మీదకి ఎలా వస్తాయని నన్ను అడుగుతుంటారు. బేరమాడి వస్తాయి. 2020 జులై 17న బ్రస్సెల్స్‌లో రెండు రోజులనుకుని మొదలైన నేతల సమావేశం 21 తెల్లవారుజాము దాకా నడిచింది. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకోవడానికి 75,000 కోట్ల యూరోలు ఉమ్మడిగా అప్పు తేవాలి. అందులో ఎంత ఉచితంగా ఇవ్వాలి, ఎంత అప్పుగా ఇవ్వాలన్నది పేచీ.

అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ అంతకుముందు మే నెలలోనే 50,000 కోట్లు గ్రాంటుగా ఇద్దామన్నారు. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, డెన్మార్క్, స్వీడన్ ససేమిరా అన్నాయి. చివరికి గ్రాంట్లు 39,000 కోట్లకు దిగాయి. పైగా ఈ నాలుగు దేశాలకీ ఈయూ బడ్జెట్‌కి కట్టే చందాలో రాయితీ పెరిగింది. మరి కోత ఎక్కడ పడింది? ఆ గదిలో గట్టిగా అడిగేవాళ్లు లేని పద్దుల మీద. ఆరోగ్య పథకానికి ప్రతిపాదించిన 940 కోట్లను 170 కోట్లు చేశారు, అదీ మహమ్మారి మధ్యలో! తర్వాత యూరప్ పార్లమెంటు పట్టుబట్టి 510 కోట్లకు తెచ్చింది.

అసలు చిక్కు, డబ్బు తీసుకునే దేశాలు చేయాల్సిన సంస్కరణల దగ్గర. ఒక్క దేశం కాదన్నా డబ్బు ఆగాలని నెదర్లాండ్స్ అప్పటి ప్రధాని రుట్టే పట్టు. అప్పుల సంక్షోభంలో గ్రీస్‌కి బయటి అధికారులు షరతులు రాసిపెట్టిన రోజులు దక్షిణాది దేశాలు మర్చిపోలేదు. అందుకని మధ్యేమార్గం పట్టారు. ప్రణాళిక ఎవరిది వారే రాసుకోవాలి, చెప్పింది చేసి చూపిస్తేనే తర్వాతి వాయిదా. అభ్యంతరముంటే నేతల ముందు పెట్టొచ్చు కానీ, ఆ చర్చ మామూలుగా మూడు నెలలు దాటకూడదు. నా దృష్టిలో ఒప్పందాన్ని నిలబెట్టింది ఈ షరతే.

స్పెయిన్‌ని చూడండి. 2013లో అక్కడ ఉద్యోగం కోసం వెతికే యువతలో సగానికి పైగా నిరుద్యోగులు. తన ప్రణాళికలో రాసుకున్న కార్మిక చట్ట సవరణకు ప్రభుత్వం ముందు యూనియన్లనీ, యజమానుల సంఘాలనీ ఒప్పించింది. 2022 ఫిబ్రవరిలో సభలో అది 175–174తో గట్టెక్కింది, అదీ ప్రతిపక్ష సభ్యుడొకరు ఆన్‌లైన్‌లో పొరపాటున అనుకూలంగా ఓటు నొక్కడం వల్ల! తాత్కాలిక కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు అప్పటిదాకా నలుగురిలో ఒకరు, రెండేళ్లలో ఆరుగురిలో ఒకరయ్యారు. సీజన్‌లో మాత్రమే పని ఉండేవాళ్లనీ పర్మనెంటు లెక్కలో కలిపేశారన్న విమర్శ ఉంది. అది నిజమే. అయినా కాంట్రాక్టు ముగిసిన ప్రతిసారీ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న టెన్షన్ చాలామందికి తగ్గింది.

ఇక బాకీ. అసలు మొత్తాన్ని తీర్చడం 2028 నుంచి 2058 దాకా సాగుతుంది. ఏ రాబడితో తీర్చాలన్నది మాత్రం జులై ఒప్పందంలో తేల్చకుండా వదిలేశారు. ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.