ఆ ఒక్క యార్డు కోసం బంతి ఎవరి చేతికివ్వాలి?

నమస్తే అండి. ముందు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక లెక్క చెప్తాను, వినండి. అయిదుసార్లు బంతి పట్టుకుని పరిగెత్తాడు. అయిదూ కలిపితే వచ్చింది ఒకే ఒక్క యార్డు. టచ్‌డౌన్లు, అంటే బంతిని గోల్ లైన్ దాటించి ఆరు పాయింట్లు తెచ్చినవి, మాత్రం మూడు! 2004 సెప్టెంబర్ 12న, సీజన్ మొదటి మ్యాచ్‌లో, ఓక్లండ్ రైడర్స్ మీద పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రన్నింగ్ బ్యాక్, అంటే బంతి మోసుకుని పరిగెత్తడమే పనైన ఆటగాడు, జెరోమ్ బెటిస్ లెక్క ఇది. ఆ రోజు మైదానం పొడవునా బంతి మోసుకొచ్చింది డ్యూస్ స్టేలీ. తీరా గోల్ లైన్ దగ్గరికొచ్చాక స్టేలీని బయటికి పిలిచి, దాదాపు 115 కిలోల బెటిస్‌ని దింపేవాళ్ళు. యార్డులేమో స్టేలీవి, టచ్‌డౌన్లేమో బెటిస్‌వి. స్టీలర్స్ 24–21తో గెలిచారు.

ఇవాళ మాట్లాడుకునేది ఈ ఉద్యోగం గురించే. మూడో డౌన్, అంటే మూడో అవకాశం, ఒక్క యార్డు కావాలి. లేదా గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలో ఉన్నారు. జట్టులో ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లు ఉన్నారు. ఎవర్ని దింపాలి? అమెరికాలో నిజం ఆటగాళ్ళని ఎంచుకుని వాళ్ళ స్కోర్లతో పోటీపడే ఆఫీసు ఫ్యాంటసీ లీగులు ఆడే మనవాళ్ళకి ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. మీరు ఏరికోరి తీసుకున్న బ్యాక్ 60 యార్డులు లాక్కొస్తాడు, ఆఖరి యార్డు దగ్గర ఇంకెవరో వచ్చి ఆరు పాయింట్లు ఎత్తుకుపోతారు. కోచ్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. కానీ కోచ్ స్థానంలో మనం ఉంటే దేన్ని చూసి ఎంచుకోవాలి?

నా మాట సూటిగా చెప్పేస్తాను. బరువు చూసి ఎంచుకోకూడదు. కిందటేడు ఎన్ని టచ్‌డౌన్లు కొట్టాడో చూసి అసలే ఎంచుకోకూడదు. ఎదురుగా సందు లేనప్పుడు అతను ఏం చేస్తాడో చూసి ఎంచుకోవాలి.

ఆట కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నాలుగు అవకాశాల్లో, అంటే నాలుగు డౌన్లలో, పది యార్డులు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు డౌన్లు దొరుకుతాయి. మామూలుగా మైదానం మధ్యలో ఆడేటప్పుడు డిఫెన్స్ వాళ్ళలో ఇద్దరు ముగ్గురు వెనక చాలా దూరంలో కాపలా ఉంటారు, ఎవరైనా తప్పించుకుని లాంగ్ పాస్ అందుకుంటారేమోనన్న భయంతో. గోల్ లైన్ దగ్గర ఆ భయం ఉండదు. వెనక మిగిలింది పది యార్డుల ఎండ్ జోనే కదా! అందుకని అందరూ ముందుకొచ్చేస్తారు. సందులు మూసుకుపోతాయి. మైదానం మధ్యలో నాలుగు యార్డులు తేలిగ్గా తెచ్చేవాడు కూడా ఇక్కడ ఒక్క యార్డు తేలేకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు టచ్‌డౌన్ల లెక్క ఎంత మోసం చేస్తుందో చూడండి. జమాల్ విలియమ్స్, డెట్రాయిట్ లయన్స్, 2022. ఆ సీజన్‌లో పరుగుతో 17 టచ్‌డౌన్లు కొట్టాడు, లీగ్ మొత్తానికీ అతనే మొదటివాడు. అవి కూడా చాలా మటుకు ఒకటి రెండు యార్డుల నుంచి కొట్టినవే. డెట్రాయిట్‌లో బ్యారీ శాండర్స్ 1991లో 16 కొట్టి పెట్టిన రికార్డు అలా చెరిగిపోయింది. శాండర్స్ పేరు పక్కన తన పేరు పడటమంటే ఆ ఊళ్ళో మామూలు సంగతి కాదు. గోల్ లైన్ దగ్గర మొనగాడంటే ఇతనే అనుకున్నారు అంతా. మరుసటి ఏడు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ తీసుకున్నారు. 2023 సీజన్ మొత్తం మీద అతను కొట్టిన టచ్‌డౌన్లు ఎన్నో తెలుసా? ఒక్కటి.

ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో చెప్తాను. 2024 జనవరి 7, సీజన్ ఆఖరి మ్యాచ్, అట్లాంటా ఫాల్కన్స్ మీద. సెయింట్స్ గెలుపు ఖాయమైపోయింది. ఒకటో యార్డు దగ్గర ఉన్నారు. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని మోకాలు ఆనించేస్తే ఆట అయిపోతుంది, కోచ్ డెనిస్ ఆలెన్ చెప్పింది కూడా అదే. క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్, అతని సహచరులు మాట వినలేదు. మోకాలు ఆనించడానికి నిలబడినట్టే నిలబడి బంతి విలియమ్స్ చేతికిచ్చారు. జమాల్‌కి ఏడాదంతా ఒక్క టచ్‌డౌన్ లేదు, ఇద్దాం అని. స్కోరు 48–17 అయింది. ఫాల్కన్స్ కోచ్ ఆర్థర్ స్మిత్ మైదానంలోనే ఆలెన్ మీద మండిపడ్డాడు, ఆలెన్ తర్వాత క్షమాపణ చెప్పాడు. మర్యాద సంగతి వేరే చర్చ. తోటి ఆటగాళ్ళు అతన్ని ఎంత ప్రేమించారో అక్కడ కనబడింది, నాకది నచ్చింది.

సరే, 17 ఎక్కడ, 1 ఎక్కడ? ఏడాదిలో మనిషి బలం పోయిందా? లేదు. మధ్యలో గాయమైంది, ఆల్విన్ కమారా, టేసమ్ హిల్ కూడా వాటా పంచుకున్నారు, అవన్నీ నిజమే. కానీ అసలు కారణం డెట్రాయిట్‌లో అతని ముందు నిలబడిన లైన్, అంటే దారి తెరిచే భారీ ఆటగాళ్ళ వరస. పెనే స్యూవెల్, ఫ్రాంక్ రాగ్నో, టేలర్ డెకర్ లాంటివాళ్ళు ఎదుటివాళ్ళని ఒక యార్డు వెనక్కి నెట్టేశాక, ఆ ఖాళీలోకి అడుగుపెట్టడం వేరు. ఖాళీ లేనిచోట ఖాళీ పుట్టించుకోవడం వేరు. టచ్‌డౌన్ల సంఖ్యలో ఈ రెండూ ఒకే లెక్కన పడిపోతాయి. మీరు కొత్త బ్యాక్‌ని తెచ్చుకుంటున్నారంటే అతని పాత లైన్‌ని కూడా వెంట తెచ్చుకోవట్లేదు కదా!

బరువు దగ్గరికి వద్దాం. 2024 సీజన్‌లో పరుగుతో ఎక్కువ టచ్‌డౌన్లు కొట్టినవాళ్ళు ముగ్గురు, ముగ్గురికీ తలా 16. బాల్టిమోర్‌లో డెరిక్ హెన్రీ, దాదాపు 112 కిలోలు. డెట్రాయిట్‌లో జామిర్ గిబ్స్, 90 కిలోలు. బఫెలోలో జేమ్స్ కుక్, ఆ 90 కూడా లేడు. వీటిలో దూరం నుంచి పరిగెత్తి కొట్టినవీ ఉన్నాయి, అన్నీ ఒక్క యార్డువి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా గోల్ లైన్‌కి లావుపాటి మనిషే కావాలనే నమ్మకానికి ఇది గట్టి దెబ్బే.

హెన్రీ అంటే నాకు చాలా ఇష్టం. నాలుగు అడుగులు పడ్డాక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ నాలుగు అడుగులు పడాలి, అదీ ఇబ్బంది. ఒకటో యార్డు దగ్గర ఎవరూ నాలుగు అడుగులు వెయ్యనివ్వరు. మొదటి అడుగుకే ఎవరో ఒకరు కాళ్ళకి అడ్డం పడతారు. పొడుగాటి మనిషికి కింద నుంచి తగిలే దెబ్బ ఎక్కువ. అందుకే ఈ పనికి నేను చూసేది మొదటి అడుగు. బంతి చేతికందిన క్షణం అడుగు ముందుకి పడుతోందా, పక్కకి పడుతోందా? భుజాలు గీతకి ఎదురుగా ఉన్నాయా? నడుం వంచి, ఎదుటివాడి భుజం కంటే తన భుజం కిందికి దించుతున్నాడా? తగిలాక కాళ్ళు ఆగిపోతున్నాయా, ఆడుతున్నాయా? మైదానం మధ్యలో అటూ ఇటూ ఊగి సందు కోసం ఓపిక పట్టే బ్యాక్‌ని మనం మెచ్చుకుంటాం. అదే ఓపిక గోల్ లైన్ దగ్గర రెండు యార్డులు పోగొడుతుంది.

ఈ కొలతకి సరిగ్గా సరిపోయినవాడు డేవిడ్ మాంట్‌గొమరీ. విలియమ్స్ వెళ్ళిపోయాక లయన్స్ తెచ్చుకున్నది ఇతన్నే, 2023లో, షికాగో నుంచి. షికాగోలో ముందున్న లైన్ అంత గట్టిదేం కాదు. తగిలిన మొదటివాణ్ణి విదిలించుకోకపోతే అక్కడ రోజు గడవదు. అలాంటి మనిషి డెట్రాయిట్ లైన్ వెనకకొచ్చాడు. 2023లో 13, 2024లో 12 టచ్‌డౌన్లు. అంకెలు పక్కన పెట్టి ఆట చూడండి. ఇద్దరు పట్టుకున్నా అతను పడేది ముందుకే. లయన్స్ ఇంకో మంచి పని చేశారు. గోల్ లైన్ దగ్గర ఎప్పుడూ మాంట్‌గొమరీనే అని పెట్టుకోలేదు, గిబ్స్‌కీ ఇచ్చారు. గోల్ లైన్ ముందు మధ్యలో సందు లేకపోయినా, మైదానం వెడల్పు 53 యార్డుల పైనే ఉంటుంది. గిబ్స్ అంచు మీదికి పరిగెత్తితే పెద్ద పెద్ద డిఫెన్స్ మనుషులు అందుకోలేరు.

ఇక్కడే బెటిస్ పద్ధతిలోని లోపం ఉంది. బెంచి మీది నుంచి ప్రత్యేకంగా ఒకణ్ణి దింపితే అవతలివాళ్ళకి కబురు పంపినట్టే. ఆఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు, మనుషుల్ని మారిస్తే, డిఫెన్స్ కూడా మార్చుకునేదాకా రిఫరీలు ఆట ఆపుతారు, నిబంధనే అది. మన లావుపాటి మనిషి ఎదురుగా వాళ్ళ లావుపాటి మనుషులు దిగుతారు. నాకైతే ఆ ముందు మూడు డౌన్లూ ఆడినవాడే నాలుగోది కూడా ఆడగలిగితే మేలు.

ఇప్పుడు సియాటిల్ వాళ్ళకి ఇప్పటికీ మానని గాయం. 2015 ఫిబ్రవరి 1, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. సియాటిల్ 28–24తో వెనకబడి ఉంది. అయిదో యార్డు నుంచి సియాటిల్ రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్ బంతి తీసుకుని నాలుగు యార్డులు దూసుకెళ్ళాడు. భుజం గాయంతోనే ఆడుతున్న పేట్రియట్స్ ఆటగాడు డాంటా హైటవర్ అతన్ని ఒకటో యార్డు దగ్గర పడేశాడు. మిగిలింది ఒక్క యార్డు, ఒక టైమ్ అవుట్. 26 సెకన్లుండగా సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ పాస్ విసిరాడు. పెద్దగా ఎవరికీ పేరు తెలియని పేట్రియట్స్ ఆటగాడు మాల్కమ్ బట్లర్ దాన్ని పట్టేశాడు. అంతే, కప్పు పోయింది.

లించ్‌కి ఇవ్వకుండా పాస్ ఆడించిన సియాటిల్ కోచ్ పీట్ క్యారల్‌ని సమర్థించేవాళ్ళు చెప్పే అంకె ఒకటుంది. ఆ సీజన్‌లో ఒకటో యార్డు నుంచి లించ్‌కి అయిదుసార్లు బంతి ఇస్తే ఒక్కసారే టచ్‌డౌన్ వచ్చింది. పాస్ పట్టకపోతే గడియారం ఆగుతుంది, ఇంకో రెండు ప్రయత్నాలు ఉంటాయి అన్నది కూడా సరైన తర్కమే. అయినా నేను ఒప్పుకోను. అయిదు ప్రయత్నాలు చూసి ఒక మనిషిని తీర్పు తీర్చలేం. ఆ రాత్రి లించ్ 24 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తి 102 యార్డులు తెచ్చాడు. నడుం వంచి, ఒళ్ళంతా ముందుకేసి, పట్టుకున్నవాళ్ళని ఈడ్చుకుంటూ వెళ్ళే మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క యార్డు కోసం కాకపోతే అలాంటివాణ్ణి దేనికోసం పెట్టుకుంటారండి?

బంతి భద్రం సంగతి కూడా చెప్పాలి. మన కబడ్డీలో కూతకెళ్ళినవాణ్ణి నలుగురు పట్టేసినా, చెయ్యి చాచి మధ్యగీత అందుకుంటే బతికిపోతాడు. ఇక్కడా ఒళ్ళంతా ఇవతలే ఉన్నా, బంతి కొస గోల్ లైన్‌కి అందితే చాలు. కానీ ఇక్కడ చాచిన చేతిలో బంతి ఉంటుంది! 2023 జనవరి 15న సిన్సినాటీలో ప్లేఆఫ్ మ్యాచ్, స్కోరు 17–17, నాలుగో క్వార్టర్. బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ టైలర్ హంట్లీ ఒకటో యార్డు నుంచి పైకి లేచి బంతిని గీత మీదికి చాచాడు. సిన్సినాటీ ఆటగాడు లోగన్ విల్సన్ చేత్తో కొట్టాడు. ఊడిన బంతిని అతని సహచరుడు శామ్ హబర్డ్ అందుకుని 98 యార్డులు పరిగెత్తి అటువైపు టచ్‌డౌన్ చేశాడు. 24–17, బాల్టిమోర్ ఇంటికి. మూడో డౌన్‌లో చెయ్యి చాచే అలవాటున్న బ్యాక్‌ని నేను తీసుకోను. నాలుగో డౌన్ అయితే చాచమంటాను, పోయేదేముంది.

హంట్లీ పేరొచ్చింది కాబట్టి, క్వార్టర్‌బ్యాకే తోసుకెళ్తే సరిపోదా అంటారు. ఫిలడెల్ఫియాకి సరిపోతుంది. బంతి చేతులు మారదు, ముందున్న లైన్‌కి అతుక్కుని వెళ్ళొచ్చు, 2005లో నిబంధన మారాక వెనక నుంచి నెట్టొచ్చు కూడా. అందుకే 2024లో వాళ్ళ రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్‌క్లీ 2,005 యార్డులు పరిగెత్తినా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ ఖాతాలో 14 టచ్‌డౌన్లు పడ్డాయి. ఈ నెట్టడాన్ని నిషేధించాలని 2025 మేలో జట్ల యజమానులు ఓటేస్తే 22 వచ్చాయి, 24 కావాలి, ఆగిపోయింది. కానీ అందరికీ హర్ట్స్ లాంటి కాళ్ళుండవు. కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ 2019 అక్టోబర్‌లో డెన్వర్‌లో ఇలాగే తోసుకెళ్తుంటే మోకాలి చిప్ప జారింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కాన్సాస్ సిటీ అతన్ని ఆ పనికి వాడలేదు. వాళ్ళకి బ్యాక్ కావాల్సిందే. 2024లో వాళ్ళ బ్యాక్ ఐజయా పచెకో కాలు విరిగితే కరీమ్ హంట్‌ని మళ్ళీ పిలిపించుకున్నారు. వేగం తగ్గిన మనిషే, కానీ ఆ యార్డు తెస్తాడు. పక్కకి చూడడు, తిన్నగా వెళ్తాడు.

ఇక నా ఎంపిక. ఈ ఎపిసోడ్‌లో అనుకున్నవాళ్ళలో, నాలుగో డౌన్, ఒక్క యార్డు, మ్యాచ్ దాని మీదే ఉంది అంటే, నేను మాంట్‌గొమరీకి ఇస్తాను. గిబ్స్‌ని బయటికి పంపను, పక్కనే నిలబెడతాను, డిఫెన్స్‌లో ఇద్దరైనా అంచు వైపు చూస్తూ ఉండాలి. మరి మీ జట్టులో ఎవరు? పేరు రాయండి, దాంతో పాటు సందు లేనప్పుడు అతను ముందుకి పడిన ఒక్క ఆట కూడా చెప్పండి. వచ్చేవారం వాటిలో కొన్ని తీసుకుని అడుగు అడుగూ ఆపి చూద్దాం.