మాస్కో బృందం, కలినిన్‌గ్రాడ్ కొలువు: అలెక్సీ కోజ్లోవ్ జాజ్ కథ

[తెర మీద: సోవియట్ యూనియన్ పటం. మాస్కో నుంచి పడమటి కొసన ఉన్న కలినిన్‌గ్రాడ్ దాకా ఎర్ర గీత.]

1976. మాస్కోలో పేరున్న ఒక జాజ్ రాక్ బృందం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కలినిన్‌గ్రాడ్‌లో కొలువుకు చేరింది. బృందం పేరు అర్సెనాల్. నాయకుడు సాక్సోఫోను కళాకారుడు అలెక్సీ కోజ్లోవ్. మాస్కోలో వేదికలు లేకనా? వేదికలున్నాయి, అనుమతే లేదు.

[పాత ఫొటోలు: బిగుతు ప్యాంట్లు, లావు అడుగుల బూట్లు వేసుకున్న కుర్రాళ్లు.]

కోజ్లోవ్ 1935లో పుట్టారు. స్టాలిన్ చివరి రోజుల్లో జాజ్ అంటే శత్రువైన అమెరికా సంగీతం. ఆర్కెస్ట్రాల పేర్లలోంచి ఆ మాటే ఎగిరిపోయింది. అయినా కుర్రాళ్లు వినడం మానలేదు.

[దగ్గరగా: గుండ్రంగా కత్తిరించిన ఎక్స్‌రే ఫిల్ము. నడుమ చిల్లు. పక్కటెముకల మీదుగా రికార్డు గాడులు.]

ఇదిగో, ఆనాటి దొంగ రికార్డు! ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రేల మీద పాటలు చెక్కి చాటుగా అమ్మేవారు. 1955 నుంచి అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా జాజ్ కార్యక్రమం కూడా తోడైంది. కోజ్లోవ్ చదివింది ఆర్కిటెక్చర్, చేసింది డిజైన్ ఉద్యోగం. సాయంత్రాలు మాత్రం జాజ్‌వే.

1973లో అర్సెనాల్ పుట్టింది. ట్రంపెట్, ట్రాంబోన్, ఎలక్ట్రిక్ గిటారు, ఆపైన గాయకులు. యేసుక్రీస్తు మీద వచ్చిన పాశ్చాత్య రాక్ ఒపేరా, అంటే రాక్ పాటలతో కథ చెప్పే నాటకంలోని పాటలు కూడా పాడారు. నాస్తిక రాజ్యంలో ఎంత తెగువ!

[తెర మీద: ముద్ర పడుతున్న కాగితం.]

అసలు చిక్కు ఇక్కడుంది. టికెట్టు పెట్టి కచేరీ చేయాలంటే ప్రభుత్వ సంగీత సంస్థలో సిబ్బందిగా ఉండాలి. ఏం వాయిస్తారో ముందే చూపించి ఆమోదం పొందాలి. అలాంటి సంస్థే అయిన కలినిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్ వాళ్లను చేర్చుకుంది. దాంతో దేశమంతా తిరిగే వీలు దొరికింది, పాటలు మాత్రం పోయాయి. మాటల్లేని సంగీతంలో అధికారులు తప్పు పట్టేదేముంటుంది? నన్నడిగితే అర్సెనాల్‌కు సొంత బాణీ కుదిరింది ఈ నష్టంతోనే. అంతకుముందు ఎంత బాగా పాడినా అది పరాయి పాటే కదా!

వాళ్ల తొలి రికార్డును ప్రభుత్వ సంస్థ మెలోదియా 1979లో విడుదల చేసింది. 80లలో కోజ్లోవ్ సింథసైజర్లు తెచ్చారు, వేదిక మీద బ్రేక్ డాన్స్ కూడా చేయించారు. శుద్ధ జాజ్ అభిమానులకు మింగుడు పడదేమో గానీ, ఆయన ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు.

[మాస్కోలో 2012లో ఆయన పేరుతో తెరిచిన క్లబ్బు ముఖద్వారం.]

కొత్తగా వినేవారు ఆ 1979 రికార్డుతోనే మొదలుపెట్టండి.